పాఠ్యపుస్తకాన్ని దిద్దుకొనే అనుమతి

భీమవరం, ఆకివీడు, కాళ్ల పరిసరాల నుంచి డిగ్రీలో జంతుశాస్త్రం చదవడానికి వచ్చే పిల్లల్లో చాలామంది రొయ్యల చెరువుల గట్ల మీద పెరిగినవారే. వారి ఇళ్లలో మాటలన్నీ వెనామీ అనే రొయ్య రకం చుట్టూ తిరుగుతాయి. 2009లో కేంద్రం ఆ రకాన్ని సాగుకు అనుమతించాక గోదావరి డెల్టాలోని చెరువులు చాలావరకు టైగర్ రొయ్య నుంచి దానికి మారాయి. వాటితోపాటు సీడు, అంటే రొయ్య పిల్లలు, వేసే సాంద్రత, మేత పద్ధతి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల వాడకం కూడా మారిపోయాయి. అంతకు ముందు అచ్చయిన ఆక్వాకల్చర్ పుస్తకాలే ఇంకా తరగతిలో తిరుగుతున్నచోట మాత్రం పాఠం టైగర్ దగ్గరే ఆగిపోతుంది. ఆ పుస్తకాలు పనికిరానివని నేను అనడం లేదు. నీటి రసాయనం గురించీ, రొయ్య శరీర నిర్మాణం గురించీ వాటిలో ఉన్న అధ్యాయాలకు ఇప్పటికీ వంక పెట్టలేం. వాటిని అలాగే ఉంచి, మిగిలిన అధ్యాయాలను ఇవాళ్టి చెరువుకు తగినట్టు తిరగరాసి, ఆ కొత్త ప్రతిని విద్యార్థుల చేతికి ఇస్తే చాలు. ఆ పని చేయగల అధ్యాపకులు మన కళాశాలల్లో ఉన్నారు. చేయడానికి అనుమతి మాత్రం వారికి లేదు.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలమంతా, మరణించాక మరో 60 ఏళ్లపాటు రచనపై హక్కులు కొనసాగుతాయి. బోధన కోసం చట్టంలోనే కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఒక జిరాక్సు దుకాణంపై పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన దావాలో, బోధనకు అవసరమైన భాగాలను విద్యార్థుల కోసం కాపీ తీయడం ఉల్లంఘన కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. పుస్తకం కొనలేని విద్యార్థికి అది నిజంగా పెద్ద ఊరట. అయినా ఆ తీర్పు ఆసరా ఉన్నది ఉన్నట్టు కాపీ తీసుకోవడానికే. అధ్యాయాన్ని మార్చి, తెలుగులోకి తెచ్చి, కొత్త పుస్తకంగా పదిమందికీ పంచాలంటే హక్కుదారు అంగీకారం కావలసిందే.

ఆ అంగీకారాన్ని ముందే, రాతపూర్వకంగా, అందరికీ ఇచ్చేసిన పాఠ్యసామగ్రిని సార్వత్రిక విద్యా వనరులు అంటున్నారు, క్లుప్తంగా ఓఈఆర్. తన కోర్సుల సామగ్రిని ప్రపంచమంతటికీ తెరిచి పెడతానని అమెరికాలోని ఎంఐటీ 2001లో ప్రకటించింది. 2002లో పారిస్‌లో యునెస్కో జరిపిన సమావేశంలో ఈ పేరు స్థిరపడింది. అదే ఏడాది చివర వచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు రచయితకు ఒక తేలికైన దారి చూపాయి: పుస్తకం మొదటి పుటలో ఒక్క వాక్యం రాసి, నా పేరు చెప్పి ఎవరైనా దీన్ని దాచుకోవచ్చు, వాడుకోవచ్చు, సవరించవచ్చు, మరొకదానితో కలపవచ్చు, తిరిగి పంచవచ్చు అని తెలియజేయవచ్చు. రైస్ విశ్వవిద్యాలయంలోని ఓపెన్‌స్టాక్స్ 2012 నుంచి భౌతికశాస్త్రం, సమాజశాస్త్రం, జీవశాస్త్రం వంటి విషయాల్లో పూర్తి పాఠ్యపుస్తకాలను ఇలాంటి లైసెన్సులతోనే విడుదల చేస్తూ వచ్చింది. 2019 నవంబరు 25న యునెస్కో సర్వసభ్య సమావేశం ఓఈఆర్‌పై ఒక సిఫారసును ఆమోదించి, సభ్యదేశాలు ఇందుకు విధానాలు రూపొందించాలనీ, అధ్యాపకులకు శిక్షణ ఇవ్వాలనీ కోరింది. మన దేశం యునెస్కో సభ్యదేశమే.

ఇక్కడ చాలామంది సహాధ్యాపకులు అడిగే ప్రశ్న ఒకటుంది: ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ అనే వీడియో పాఠాల వేదిక ఉంది, 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం ఉంది, 2021 నిబంధనలతో ఒక సెమిస్టరులో 40 శాతం వరకు కోర్సులను స్వయం ద్వారా చదివే వీలును విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) కల్పించింది, ఇంకేం కావాలి? ఆ వేదికలు చేసిన మేలు నాకు తెలుసు. మా విద్యార్థులకు నేనే వాటిని చూపిస్తాను. అయితే ఖర్చు లేకుండా చూడగలగడంతో మన అవసరం తీరదు. ఎక్కడో రికార్డయిన పాఠం విద్యార్థిని శ్రోతగా, అధ్యాపకుణ్ణి పర్యవేక్షకుడిగా నిలబెడుతుంది. దాన్ని ముక్కలు చేసి మన ఉదాహరణలతో మళ్లీ కూర్చుకొనే స్వాతంత్ర్యం ఉన్నప్పుడే అధ్యాపకుడు అధ్యాపకుడిగా మిగులుతాడు.

మన ఉదాహరణలు అన్నది ప్రాంతాభిమానంతో కాదు. వ్యవసాయ అర్థశాస్త్రంలో మద్దతు ధర గురించి చెప్పేటప్పుడు, 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలను బీడు పెట్టిన సంగతి రాకపోతే ఆ పాఠం డెల్టా విద్యార్థికి సగమే అందుతుంది. కూలి ఖర్చు, ఎరువుల ధర, కొనుగోలు వ్యవస్థ, మురుగు కాలువల దుస్థితి ఒక్కచోట ఎలా ముడిపడ్డాయో అంతకన్నా స్పష్టంగా చెప్పే సందర్భం దొరకడం కష్టం. దానిపై ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీని కూడా వేసింది. అలాగే వృక్షశాస్త్రంలో వరి ప్రజననం చెబుతూ, 1982లో విడుదలై దేశంలో లక్షల ఎకరాల్లో పండిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, మన మార్టేరు పరిశోధన కేంద్రంలో రూపొందిందని చెప్పకుండా ఎలా ఉంటాం? సముద్రతీర మండలాల్లో బోరునీరు ఉప్పబారడం రసాయనశాస్త్రానికీ, ధవళేశ్వరం కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీటి పంపకం గణాంకశాస్త్రానికీ సిద్ధంగా ఉన్న పాఠాలు. దేశం మొత్తానికి ఒకే పుస్తకం రాసే రచయిత ఇవన్నీ చేర్చలేడు, చేర్చనక్కరలేదు. తరువాతివారు చేర్చుకొనే వీలు వదిలితే చాలు.

భాష సంగతి మరింత బరువైనది. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో ఆంగ్ల మాధ్యమం వచ్చింది. ఇంటర్ వరకు తెలుగులో చదివిన విద్యార్థికి తొలి సెమిస్టర్లలో ఆంగ్ల పాఠం పక్కన తెలుగు వివరణ ఉంటే విషయం పట్టుబడుతుంది. లేకపోతే వాక్యాలను బట్టీ పట్టి గట్టెక్కుతాడు. ఈ వివరణలను మన అధ్యాపకులు ఏటా రాస్తూనే ఉన్నారు, కానీ ఎవరికి వారే రాసుకొంటున్నారు. అమలాపురంలో రాసిన నోట్స్ నరసాపురం చేరదు. తాడేపల్లిగూడెంలో మరొకరు అదే శ్రమ మొదటి నుంచీ పడతారు. ఇంతమంది విద్యావంతుల శ్రమ ఇలా ఆవిరైపోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

వ్యవహారంలో ఒక ముఖ్యమైన అడ్డంకిని కూడా చెప్పాలి. తెలుగు పాఠ్యసామగ్రి చాలాకాలంగా పేజ్‌మేకర్ అనే పుటల కూర్పు సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో తయారవుతూ వచ్చింది. అచ్చులో అది అందంగానే ఉంటుంది. ఆ ఫైలునుంచి ఒక పేరా తీసి మరో చోట అతికిస్తే మాత్రం అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి, ఎందుకంటే తెరపై తెలుగుగా కనిపించేది లోపల తెలుగుగా నిల్వ కాలేదు. దానిలో పదం వెతకలేం, చూపులేని విద్యార్థికి తెర చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని చదివి వినిపించలేదు. అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్‌దీ అదే గతి. లైసెన్సు ఎంత ఉదారంగా ఉన్నా ఫైలు ఇలా ఉంటే దిద్దుకోవడం కుదరదు. కాబట్టి విశ్వవిద్యాలయం తెరిచి పెట్టే ప్రతి పాఠమూ తెలుగు అక్షరాలను తెలుగుగానే నిల్వచేసే యూనికోడ్‌లో, సవరించడానికి వీలైన రూపంలో ఉండాలన్నది షరతుగానే పెట్టాలి. గురజాడ, మండలి, రామభద్ర వంటి మంచి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతోనే దొరుకుతున్నాయి కనుక ఇందుకు పెద్ద ఖర్చు కూడా లేదు.

అధ్యాపకులు ఎందుకు ముందుకు రావడం లేదన్నదానికి నేను విన్న కారణాలు రెండు. తమ నోట్స్‌ను మరెవరో వారి పేరుతో గైడుగా అచ్చు వేసుకొంటారన్న భయం ఒకటి. లైసెన్సు లేకుండా వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌లకు ఆ గతి ఇప్పుడే పడుతోంది. పేరు, తేదీ, లైసెన్సుతో విశ్వవిద్యాలయ భాండాగారంలో ముందే నమోదైన రచనకైతే కర్త ఎవరన్నదానికి సాక్ష్యం ఉంటుంది. రెండవది, ఈ శ్రమకు పదోన్నతిలో విలువ ఉండదన్న నమ్మకం. ఇది నిజం కాదు. 2018 యూజీసీ నిబంధనల్లోని పరిశోధన స్కోరు పట్టికలో జాతీయ ప్రచురణకర్త ద్వారా వచ్చిన పుస్తకానికి 10 మార్కులు ఉంటే, ఒక పూర్తి కోర్సుకు నాలుగు భాగాల ఈ-కంటెంట్ తయారుచేసినందుకు 12 మార్కులు ఉన్నాయి. ఆ మార్కులు కోరే ఈ-కంటెంట్‌ను స్వేచ్ఛా లైసెన్సుతో అందరికీ అందుబాటులో ఉంచాలన్న నియమాన్ని విశ్వవిద్యాలయాలు తమ వంతుగా చేర్చుకోవాలి.

నాణ్యత పడిపోతుందని పెద్దలు కొందరు అంటారు. పదిమంది చదివి తప్పు చూపితే మరుసటి వారమే దిద్దగలిగే పాఠం, తప్పుతోనే అయిదేళ్లు అమ్ముడయ్యే పుస్తకం కన్నా మేలని నా అభిప్రాయం. అయినా విడుదలకు ముందు మరో కళాశాల అధ్యాపకుడు పరిశీలించి సంతకం చేసే పద్ధతి తప్పక ఉండాలి.

ఇది మన నేలకు కొత్త ఆలోచన కాదు. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకట రమణయ్య పుట్టింది తూర్పు గోదావరిలోని కొంకుదురులో. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం ప్రజల విరాళాలతో, పుస్తకదానాలతో పెరిగింది. పుస్తకం అందరికీ చేరాలని ఆ తరం ఊరూరా తిరిగింది.

ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, కాకినాడ జేఎన్‌టీయూ, స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలు తమ పాఠ్యప్రణాళికా మండళ్ల సమావేశాల్లో, అంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో, దీన్ని అన్ని విషయాలకూ ఒకేసారి తలపెట్టనవసరం లేదు. ఎక్కువమంది విద్యార్థులు చదివే తొలి సెమిస్టరు పేపరు ఒకటి ఎంచుకోవాలి. నాలుగైదు కళాశాలల అధ్యాపకులు యూనిట్లు పంచుకొని, ఇప్పటికే ఉన్న స్వేచ్ఛా పుస్తకం ఏదైనా పునాదిగా తీసుకొని, తెలుగు వివరణలతో, డెల్టా ఉదాహరణలతో వేసవి సెలవుల్లో ప్రతి సిద్ధం చేయాలి. సిలబస్‌లోని చదవవలసిన పుస్తకాల జాబితాలో దాన్ని మొదట చేర్చి, ఫోను తెరపై చదవలేని పిల్లల కోసం ప్రతి కళాశాల గ్రంథాలయంలో అచ్చు ప్రతులు ఉంచాలి. మా విభాగం నుంచి ఆక్వాకల్చర్ పేపరుకు రెండు యూనిట్లు రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మిగిలిన యూనిట్లకు ముందుకు వచ్చే జంతుశాస్త్ర అధ్యాపకులు తమ ప్రిన్సిపాల్ ద్వారా ఈ ప్రతిపాదనను రాబోయే బోర్డు సమావేశానికి పంపాలని కోరుతున్నాను.