బొమ్మతోని మాట్లాడిన సారు నాతోని మాట్లాడలే

మొన్న ఆదివారం పొద్దుగాల మా బొమ్మల కామెడీ మొదటి ఎపిసోడ్ టీవీల వచ్చింది. యాడ్లు తీసేస్తే ఆరు నిమిషాలు. చుట్టాలు, దోస్తులు ఫోన్లు చేసి "మస్తున్నది" అంటుండ్రు. సంతోషమే. కానీ కడుపుల మంట ఇంకా సల్లారలే. సల్లారినంక రాస్తే నేను గూడ అందరి తీరుగనే "చానల్ వాళ్లు చాన సహకరించిండ్రు" అని రాస్త. అందుకే ఇప్పుడే రాస్తున్న.

నాది హన్మకొండ. నాటకాలోన్ని. చిన్నప్పుడు తొర్రూరు దిక్కు అమ్మాపురం కొయ్యబొమ్మలాట చూసిన సంది బొమ్మలంటే పిచ్చి. మా కథ పెద్ద కథేం కాదు. మల్లవ్వ ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి తెచ్చే రైతు. ఐలయ్య కాజీపేట స్టేషన్ కాడ ఆటో నడుపుతడు, పొద్దూకితే తాగుతడు. ఇంక ఒక సూపరింటెండెంటు సారు, ఒక మేక. ప్రతి ఎపిసోడ్ల మల్లవ్వ ఏదో ఒక ఆఫీసుకు పోతది, ఆ ఆఫీసును ఉతికి ఆరేస్తది. కాన్సెప్టు ఒక పేజీ పంపితే చానల్ ఓకే అన్నది. స్క్రిప్టు గూడ తిప్పలు పెట్టలే.

బొమ్మలు నేనే చేసిన. పరుపుల దుకాణంల స్పంజి ముక్కలు తూకానికి ఇస్తరు, అవి చాలు. హైదరాబాద్ పోయి కొంటే మూడింతలు గుంజుతరు, పోకుండ్రి. కత్తెరతోని కోస్తే అంచు నలుగుతది. కొత్త బ్లేడు పెట్టి ఒక్క గీతల కొయ్యాలె. ఫెవికాల్ ఎస్సార్ 998 రెండు దిక్కుల రాసి, వేలికి అంటనంత ఆరినంకనే అతికించాలె. తడిమీద అతికిస్తే మూతి జారుతది. కండ్లకు టేబుల్ టెన్నిస్ బంతులు. నల్లగుడ్లు నడిమిట్ల పెడితే బొమ్మ ఎటు చూస్తున్నదో తెల్వది. ముక్కు దిక్కు కొంచెం జరిపితే అప్పుడు ఎదుటోన్ని చూసినట్టు ఉంటది. మల్లవ్వ ముక్కును చపాట మిర్చి ఆకారంల చేసిన, గుండ్రంగ, ఎర్రగ. 2025ల చపాట మిర్చికి జీఐ గుర్తింపు (ఇది ఫలానా జాగ పంటేనన్న సర్కారు ముద్ర) వచ్చింది, మా అవ్వ ముక్కుకు గూడ వచ్చినట్టే.

ఆడించుడు నేర్పుడు వేరే సంగతి. మా నాటకాల పిల్లలనే తీసుకున్న. టీవీ బొమ్మలాటల తెర ఉండదు, కెమెరా ఫ్రేమే తెర. 1955ల వాషింగ్టన్ టీవీ స్టేషన్ల జిమ్ హెన్సన్, మపెట్ బొమ్మలాయన, పట్టిన కిటుకు ఇదే. ఆడించేటోడు కింద నిలబడి, చెయ్యి మీదికెత్తి, తన బొమ్మను మానిటర్ల చూసుకుంట ఆడించాలె. మానిటర్ అద్దం కాదు. కెమెరా దిక్కు మొకం పెట్టి నువ్వు కుడికి జరిగితే బొమ్మ మానిటర్ల ఎడమకు పోతది. మొదట్ల మా ఐలయ్య ఆటో ఎక్కమంటే గోడకు గుద్దుకున్నడు. ఇంక మూతి. కొత్తోళ్లు వేళ్లు మీదికి లేపి మూతి తెరుస్తరు, తలకాయంత ఎగురుతది. పైదవడ కదలొద్దు, బొటనవేలు కిందికి దిగాలె. ఒక్కొక్క అక్షరానికి తెరుచుకోవాలె, 'ప', 'బ', 'మ' కాడ మూసుకోవాలె. దాని ఉల్టా చేస్తే బొమ్మ మాటలను కొరికినట్టు ఉంటది. రోజూ సాయంత్రం "మామ", "పాప", "బొమ్మ" అనిపించుకుంట కూసోబెట్టిన. పక్కింటోళ్లు ట్యూషన్ పెట్టిన అనుకున్నరు.

ఒక తిరకాసు మాత్రం ఏ వీడియోల చెప్పరు. కుడిచెయ్యి బలమైంది గనుక అది బొమ్మ తలల పోతది. మిగిలిన ఎడమచెయ్యితోని బొమ్మ చేతికి కట్టిన పుల్ల పట్టుకోవాలె. ఆ పుల్ల ఆడించేది బొమ్మ ఎడమచెయ్యినే. అందుకే హెన్సన్ బొమ్మలల్ల శానమట్టుకు ఎడమచేతి వాటమే. అమెరికాల నడుస్తది. మా చిన్నమ్మ రిహార్సల్ చూసి, "అదేం ఆడిదిరా, బేరగానికి ఎడమచెయ్యితోని పైసలిస్తది!" అని మొకం తిప్పుకున్నది. ఆమె ఒక్కతి చాలు, ఊరంత అదే మాట అంటది. ఇంకో పిల్లగాన్ని పెట్టి మల్లవ్వ కుడిచేతికి గొడుగుపుల్ల కట్టించిన. ఒక బొమ్మ కింద ఇద్దరు, ఒకని మోచెయ్యి ఇంకోని చెవుల. కానీ పైసలు కుడిచెయ్యితోనే ఇచ్చింది మా అవ్వ.

షూటింగు ఆషాఢంల పెట్టుకున్న. పెండ్లిళ్లు ఉండవు, ఫంక్షన్ హాల్ అగ్గువకు దొరుకుతది. సెట్టును మనిషి తల ఎత్తుకు లేపినం, కెమెరాను గూడ అంతే. రెండు నిమిషాలకు చేతులు గుంజుతయి, అందుకే షాట్లు చిన్నగ కొట్టుకోవాలె. కామెడీల నవ్వు మాట్లాడే బొమ్మ కాడ రాదు, విని సప్పుడు చెయ్యకుండ కెమెరా దిక్కు తిరిగిన బొమ్మ కాడ వస్తది. ఆ చూపు నాకు మేక ఇచ్చింది. నటులతోని ఇన్నేండ్లు మొత్తుకున్నా రాని పాజ్ స్పంజి మేక ఇచ్చింది.

ఇగ అసలు కథ. ప్రివ్యూ.

పెన్ డ్రైవు, బొమ్మల సంచి పట్టుకొని హైదరాబాద్ పోయిన. గేటు కాడ సెక్యూరిటీ అతను సంచి విప్పి, మల్లవ్వ తలకాయ బయటికి తీసి, రిజిస్టర్ల "బొమ్మ – 1, ముసలిది" అని రాసి సంతకం పెట్టించుకున్నడు. మల్లవ్వకు విజిటర్ స్లిప్పు అప్పుడే దొరికింది. నాకు మాత్రం పైనుంచి ఫోన్ రావాలెనన్నడు.

పొద్దటి టైమిచ్చి మధ్యాహ్నం అన్నం తిన్నంక పిలిచిండ్రు. ప్రోగ్రామ్స్ చూసే సారు. మా దిక్కు మనిషే, ఆ సంగతి బయట టీ పోసే అన్న చెప్పిండు. లోపల మాత్రం ఎక్కడి మనిషో అంతుపట్టని భాష. ఎపిసోడ్ పెట్టిన. సారు ఫోన్ చూసుకుంటున్నడు. మేక చూపు కాడ, ఎవ్వలైనా నవ్వే జాగ కాడ, ఫోన్ ఎత్తి "హా చెప్పండి" అన్నడు. అయిపోయినంక నా దిక్కు చూడలే, పక్కన కూసున్న అసిస్టెంటుతోని అన్నడు: "చిల్డ్రన్ స్లాట్‌కి పంపండి. బొమ్మలు కదా."

నేనన్న, "సార్, ఇది పిల్లలది కాదు. ఎంఆర్వో ఆఫీసుల పట్టా పంచాయితి మీద ఉన్నది."

"బొమ్మలంటే పిల్లలే చూస్తారండీ."

నాకు కోపం వచ్చిందంటే ఇందుకే. తోలుబొమ్మలాటల నవ్వించే బొమ్మలు కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి మాట్లాడే మాటలు ఈ సారు ఎన్నడన్న విన్నడా? రామాయణం నడిమిట్ల వాళ్లు దిగిండ్రంటే పెద్దోళ్లు నిద్రమబ్బు దులుపుకొని ముందటికి జరుగుతరు. ఆ మాటలు ఈయన చానల్ల వేస్తే తెల్లారి నోటీసు వస్తది. ఇయ్యన్ని అన్లే. "సార్, ఒకసారి ఆలోచించండి" అన్న, అంతే.

రెండో మాట ఇంకా మంచిగున్నది. "ఆ ముసలామె క్యారెక్టర్ తెలివైనది కదా, ఆమెకి ఈ యాస వద్దు. నీట్‌గా మాట్లాడించండి. యాస ఆ తాగుబోతుకి ఉంచండి, వర్కౌట్ అవుతుంది."

ఇది 2014కు ముందటి సినిమా ఆఫీసు కాదు. రాష్ట్రమొచ్చి పదేండ్లు దాటింది. సెప్టెంబరు 9న కాళోజీ జయంతికి, తెలంగాణ భాషా దినోత్సవమని ఇదే చానల్ల పొద్దంత స్క్రోలింగు నడుస్తది. మిర్చి రైతు, ఎంఆర్వో ఆఫీసుల కాయిదం చదివి సూపరింటెండెంటు నోరు మూయించే మనిషి, ఆమె నీట్‌గ మాట్లాడాల్నట. ఎనుమాముల మార్కెట్టుల ఎవ్వలు మాట్లాడుతరట అట్ల?

నేను నోరు తెరిచేలోపట సారు సంచి దిక్కు చూసిండు. "బొమ్మ తెచ్చారా? చూపించండి."

తీసిన. చెయ్యి తొడిగిన. అలవాటు గనుక తొడగంగనే మల్లవ్వ తల తిప్పి, సారును కింది నుంచి మీది దాక చూసింది. అంతే, సారు ఫోన్ కింద పెట్టిండు. నిజంగ పెట్టిండు, బల్ల మీద బోర్లేసి.

"ఏందే అవ్వా, మిర్చి ధర ఎట్లున్నదే?" అన్నడు.

ఆ గొంతు నేను ఆ రూముల అప్పటిదాక విన్లే. నేనక్కడ లేను. ఆయన కండ్లు బొమ్మ కండ్ల మీద ఉన్నయి. మల్లవ్వ గొంతుతోని, "ధర ఏడ బిడ్డా, తేమ ఉన్నదని సగం కోసిండ్రు. నీకు మా భాషల గూడ తేమ కనబడ్డదట?" అన్న. సారు ఇగిలిచ్చి నవ్విండు. "అట్ల కాదే అవ్వా, హైదరాబాదోళ్లకు సమజ్ గావాలె గదా" అని ఆమెకు సంజాయిషీ ఇచ్చుకున్నడు. నాకియ్యని సంజాయిషీ! అసిస్టెంటు గూడ మల్లవ్వనే చూసుకుంట తల ఊపుతున్నది. ఐదు నిమిషాలు మంచిగ ముచ్చట పెట్టుకున్నరు, వాళ్లిద్దరు. సగం పని అయిపోయిందనుకొని నేను చెయ్యి తీసి బొమ్మను బల్ల మీద పెట్టిన.

సారు ఫోన్ చేతిలకు తీసుకున్నడు. "సరే అండీ. కరెక్షన్స్ మెయిల్ చేస్తాం."

ఇంత అవమానం నాకు ఏ నాటకంల కాలే. కుర్చీలు ఇసిరిన ప్రేక్షకులను చూసిన, కరెంటు పోయి లాంతర్ల వెలుతుర్ల నాటకం నడిపిచ్చిన. కానీ నా చెయ్యి బొమ్మ లోపలికి పోతే నేను మనిషిని, బయటికి వస్తే ఎవ్వల్నీ కాదు. ప్రివ్యూకు పోయేటోళ్లు బొమ్మను సంచిల పెట్టకుండ్రి. గేటు కాడి నుంచే తొడుక్కొని పోండ్రి. బేరం బొమ్మనే చేయనియ్యిండ్రి.

మెయిల్ వచ్చింది. మల్లవ్వకు "స్టాండర్డ్ డబ్బింగ్" చేసి పంపాల్నట. మొదటి పేమెంటు అప్పటిదాక ఆపిండ్రు. నేను కొట్లాడలే. చెప్పింది చెప్పినట్టు డబ్బింగ్ చేయించిన. వాళ్ల ఎడిటింగ్ రూములనే పెట్టి చూసిండ్రు. "ఏడికి పోతున్నవ్" అని ఆరు అక్షరాలకు ఆడించిన మూతి మీద "ఎక్కడికి వెళ్తున్నావు" అని ఎనిమిది అక్షరాలు పడ్డయి. మల్లవ్వ మూతి మూసుకున్నంక గూడ మాట వస్తనే ఉన్నది. మనుషులకైతే కొంచెం అటిటైనా కండ్లు, చేతులు చూసి సర్దుకుంటం. బొమ్మకు ఉన్నదే మూతి. ఎడిటర్ పిల్లగాడు మొకం మీద చెప్పేసిండు: "లిప్ పోయింది సార్, మొత్తం మళ్ల షూట్ చెయ్యాలె." రీషూటు ఎవ్వలు భరించాలె? కరెక్షన్ వాళ్లది, కాబట్టి ఖర్చు వాళ్లది అని అగ్రిమెంటుల నేనే రాయించుకున్న. అగ్రిమెంటుల ఈ లైను రాయించుకోకుండ ఎవ్వలు గూడ సంతకం పెట్టకుండ్రి, దండం పెట్టి చెప్తున్న.

తెల్లారి ఫోన్ వచ్చింది. పాత ఆడియోనే ఉంచుండ్రి అన్నరు. పిల్లల స్లాటు మాట గూడ మళ్ల ఎత్తలే. భాష మీద గౌరవంతోని కాదు, రీషూటు బిల్లు మీద భయంతోని. ఆదివారం ఎపిసోడ్ వచ్చినంక సారు వాట్సాప్ స్టేటస్ పెట్టిండట: "నేటివిటీ విషయంలో రాజీ పడకూడదని ముందే చెప్పాను." స్క్రీన్‌షాట్ నా దగ్గరున్నది.

ఇగ పైసలు. టీవీ ప్రోగ్రాం తయారు చేసిచ్చుడు నా పేమెంటు నాటికి ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంల 194సీ కింద 'వర్క్'ల వచ్చేది, నాలాంటి ఒక్క మనిషికి టీడీఎస్ (పైసలిచ్చేటప్పుడే కోసే పన్ను) 1 శాతం. ఆ కోత కాయిదం, ఫార్మ్ 16ఏ, చూస్తే వీళ్లు ప్రొఫెషనల్ ఫీజుల 194జే కింద 10 శాతం కోసిండ్రు. మెయిల్ పెడితే జవాబు లేదు. అకౌంట్స్‌కు ఫోన్ చేస్తే "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అని పెట్టేస్తున్నరు. నిన్న చూసి చూసి మల్లవ్వ గొంతుతోని చేసిన. "నా తొమ్మిది శాతం ఎవ్వల జేబుల వడ్డది బిడ్డా?" అన్న. అకౌంట్స్ పిల్ల కిసుక్కున నవ్వి, "సోమవారం చూస్త అవ్వా, ఆ పేపర్ మల్లొక్కసారి పంపు" అన్నది.