కళ్ళుప్పు, పటికబెల్లం, పటిక

మా క్లాసులో ఎక్కువమంది నౌపడ ఉప్పు మడుల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. రసాయన బంధాల పాఠం కూడా మా మాస్టారు ఆ ఉప్పుతోనే చెప్పారు. బల్ల మీద మూడు తెల్లటి గడ్డలు పెట్టారు: కళ్ళుప్పు, పటికబెల్లం, పటిక. నోట్లో పెట్టుకోకుండా ఏది అయానిక పదార్థమో (విద్యుదావేశం ఉన్న అయాన్లతో కట్టినది), ఏది సమయోజనీయమో (ఎలక్ట్రాన్లను పంచుకుని కలిసిన పరమాణువులతో కట్టినది) తేల్చమన్నారు.

ముందు స్పిరిట్ దీపం వెలిగించారు. గరిటెలో ఉప్పు చిటపటలాడింది. దిష్టి తీసి పొయ్యిలో వేసినప్పుడు ఇళ్ళల్లో వినే చప్పుడే అది. గడ్డ లోపల చిక్కుకున్న కాస్త నీరు ఆవిరై దాన్ని పగలగొడుతుంది. ఉప్పు మాత్రం అలాగే ఉంటుంది. ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు. ఆ పట్టు విడిచి ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. పటికబెల్లం 185 డిగ్రీల దగ్గరే కరిగి ఎర్రబడి, మాడిన పాకం వాసన వేసింది.

ఇక్కడ మాస్టారు ఆగి చెప్పిన మాట నాకు చాలా విలువైనది. పంచదార అణువు లోపలి బంధాలు గట్టివే, అణువుకీ అణువుకీ మధ్య ఆకర్షణే తక్కువ. వజ్రంలో ఉన్నవీ సమయోజనీయ బంధాలే కదా! "సమయోజనీయ బంధం బలహీనం" అని బట్టీ పట్టించే గైడ్లంటే నాకు ఇప్పటికీ కోపం.

తర్వాత పటిక. అది 92 డిగ్రీలకే నీరైపోయింది. క్లాసంతా "సమయోజనీయం!" అని అరిచింది. మాస్టారు ఏమీ అనకుండా పాత సెల్లుల్లోంచి తీసిన కార్బన్ కడ్డీలు, టార్చి బల్బు, బ్యాటరీ బయటికి తీశారు. పొడి ఉప్పులో బల్బు వెలగలేదు. చిక్కటి ఉప్పునీటిలో వెలిగింది, కడ్డీల దగ్గర బుడగలతో బ్లీచింగ్ వాసనా వచ్చింది. పటికబెల్లం నీళ్ళలో హాయిగా కరిగినా బల్బు వెలగలేదు, ఎందుకంటే అక్కడ తిరిగేవి అణువులే, అయాన్లు కావు. పటిక నీళ్ళలో మాత్రం వెలిగింది.

పటిక స్ఫటికంలో పొటాషియం, అల్యూమినియం, సల్ఫేట్ అయాన్లతో పాటు పన్నెండు నీటి అణువులుంటాయి. వేడికి అది తన నీటిలో తానే కరిగిపోతుంది. ఆ నీరంతా పోయేదాకా కాస్తే పొంగి తెల్లటి బెండులా మిగులుతుంది. ఇప్పుడు మందుల కంపెనీ ల్యాబులో తెల్లటి పొడి చేతికొస్తే ఒక్క ద్రవీభవన స్థానం (కరిగే ఉష్ణోగ్రత) చూసి నేను ఎప్పుడూ సంతకం పెట్టను.

ఇప్పటి పిల్లలకు ఒక మాట. టార్చి బల్బుకి బదులు చిన్న రెసిస్టర్ కలిపి ఎల్ఈడీ వాడండి, పలచటి ద్రావణంలోనూ వెలుగు కనిపిస్తుంది. ఉప్పునీటి నుంచి వచ్చేది క్లోరిన్, కాబట్టి కిటికీలు తెరిచి, కాసేపే చేయండి.