మొరోవిండ్‌తో నాలుగు నెలలు

మొరోవిండ్ అనే కంప్యూటర్ గేము వచ్చింది 2002లో. నేను ఆడింది మొన్న వానాకాలంలో, రాజోలు దగ్గర మా ఇంట్లో, బాబాయ్ వదిలేసిన పాత ల్యాప్‌టాప్ మీద. కొత్త గేములు దాన్లో తెరుచుకోవు కాబట్టి మొదలెట్టాను గానీ పెద్ద ప్రేమ ఉండి కాదు.

ఖైదీగా ఓడ దిగుతాం. సేడా నీన్ అని చిన్న రేవు, చిత్తడి నేల, నీళ్ల అంచున పీతలు. మన వైపులాగే ఉందే అనుకుని కత్తి తీసి ఒక పీత మీదికెళ్లాను. కత్తి తగులుతున్నట్టు కళ్లకి కనిపిస్తోంది, గేమేమో తగల్లేదంటోంది. "చేలో బొరియలో చెయ్యి పెట్టి ఎండ్రకాయని లాగేవోడివి, దీన్ని కొట్టలేవా అన్నయ్యా" అని మా తమ్ముడు ఒకటే నవ్వు.

సంగతి తర్వాత తెలిసింది. దెబ్బ తగలాలా వద్దా అన్నది మన నైపుణ్యం, చురుకు, అదృష్టం, అలసట అన్నీ లెక్కేసి లోపల పాచికలు వేసి తేలుస్తుందట. నేను చిన్నకత్తిలో నేర్పున్న పాత్రని తయారుచేసి పొడుగు కత్తి పట్టుకున్నాను, పైగా ఊరంతా పరుగెత్తి అలసట చూపించే ఆకుపచ్చ గీత ఖాళీ అయ్యాక కొడుతున్నాను. ఆ ముక్క మొదట్లోనే గట్టిగా చెప్పి ఉంటే రెండు వారాలు మిగిలేవి.

నన్ను కట్టిపడేసింది మాత్రం దారులు. ఎటెళ్లాలో చూపించే బాణం గుర్తులు మ్యాపు మీద ఉండవు. బాల్మోరా అనే ఊళ్లో ఒకాయన పాత శిథిలాల్లోంచి పజిల్ బాక్స్ తెమ్మంటాడు. కోట దాటు, పాత వంతెన ఎక్కు, అంతే. మా వైపు అడ్రసు అడిగితే "ఆయ్, లాకులు దాటాక గట్టు మీద ఎల్లిపోండి, రావిచెట్టు కనపడుద్ది" అంటారే, సరిగ్గా అదే. వంతెన దొరికింది, శిథిలాల తలుపు తెరుచుకోలేదు. పక్కన గొట్టానికున్న మర తిప్పాలని తెలిసేసరికి రాత్రి ఒంటిగంట. లోపల రెండు సాయంత్రాలు దొంగలతో కొట్టుకుని అన్ని గదులూ వెతికాను. చూస్తే ఆ పెట్టె నేను మూడుసార్లు దాటిపోయిన అరలో, చిన్న డబ్బాలా కూర్చుని ఉంది. తిట్టుకున్నాను, కానీ అంత ఆనందం ఈమధ్య ఏ గేమూ ఇవ్వలేదు.

ప్రయాణం కూడా అంతే. ఎక్కడికంటే అక్కడికి ఎగిరిపోలేం. సిల్ట్ స్ట్రైడర్ అనే పెద్ద పురుగు ఎక్కాలి, లేదా పడవ, లేదా మాంత్రికుల సంఘం వాళ్ల మంత్రంతో వెళ్లాలి. సఖినేటిపల్లి రేవులో నరసాపురం వైపు గోదావరి దాటించే పంటు కోసం నిలబడ్డవాళ్లకి ఇదేం కొత్త కాదు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి బండి ఉందో నోటుబుక్కులో రాసుకున్నాను.

విసిగించినవీ ఉన్నాయి. ఊళ్లో ఎవర్ని కదిపినా అవే మాటలు, చదివి చదివి కళ్లు లాగుతాయి. క్లిఫ్ రేసర్లనే ఎగిరే జంతువులు కొండెక్కిన ప్రతిసారీ వెంటపడతాయి. ఒకసారి కోపంలో ముఖ్యమైన మనిషిని చంపేస్తే, ఇక కథ తెగిపోయింది, పాత సేవ్‌కి వెళ్తావా, పాడైన లోకంలోనే ఉంటావా అని అడిగింది. చంపనివ్వడమే నాకు నచ్చింది, సేవ్ చేసి రెండు గంటలైందని గుర్తొచ్చేదాకా.

చివర ఎర్రకొండలో అసలు విలన్ డగోత్ ఉర్‌తో పోరు, నిజం చెప్పాలంటే, చప్పగా అయిపోయింది. ఇప్పుడు తమ్ముడు ఆడుతున్నాడు. నిన్న పజిల్ బాక్స్ ఎక్కడుందని అడిగాడు. వంతెన దాటాక చూడమన్నాను.