780 పేజీల కట్ట, ఒక జిరాక్స్ షాపు

2007 వేసవిలో ఇంగ్లాండ్‌లోని సర్రే ప్రాంతంలో ఒక మహిళ 780 పేజీల కాగితాల కట్టను ఫొటోకాపీ దుకాణానికి తీసుకువెళ్లి, వాటన్నిటినీ స్కాన్ చేసి సీడీలలో వేసి ఇమ్మని అడిగింది. ఆ కాగితాల నిండా ఫెరారీ ఫార్ములా వన్ కారుకు సంబంధించిన బొమ్మలు, కొలతలు, లెక్కలు ఉన్నాయి. ఆమె భర్త మైక్ కఫ్లన్, ఆ ఏడాది ఫెరారీతో నువ్వా నేనా అని పోటీ పడుతున్న మెక్‌లారెన్ జట్టులో చీఫ్ డిజైనర్. ఇటలీ కంపెనీ రహస్య పత్రాలు ఇక్కడికి ఎలా వచ్చాయని దుకాణంలో పనిచేసే మనిషికి అనుమానం కలిగింది. పని పూర్తిచేసి డబ్బు తీసుకుని ఊరుకోకుండా అతను ఫెరారీకి కబురు పంపాడు. జూలై మొదటి వారంలో కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని కఫ్లన్ ఇంటిని సోదా చేస్తే ఆ సీడీలు దొరికాయి. అసలు కాగితాలను అప్పటికే ముక్కలు చేసి కాల్చేశారని తర్వాత తెలిసింది.

ఫార్ములా వన్‌లో కనీవినీ ఎరుగని జరిమానాకు దారితీసిన ఈ కేసు గురించి రాసేవాళ్లు దుకాణం సంగతిని సాధారణంగా ఒక్క వాక్యంలో దాటేస్తారు. అనంతపురం కోర్టు రోడ్డులో జిరాక్స్ షాపు నడుపుకునే నేను ఆ వాక్యాన్ని అంత తేలిగ్గా దాటలేను. వకీళ్ల గుమస్తాలు తెచ్చే దావా పత్రాలు, జేఎన్‌టీయూ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు, పొలాల దస్తావేజులు, ఆసుపత్రి చీటీలు రోజంతా మా చేతుల మీదుగానే పోతుంటాయి. కట్ట రాగానే పిన్నులు పీకి, అంచులు బల్ల మీద తట్టి సరిచేసి, మడతపడ్డ మూలలను గోటితో చదును చేసి ట్రేలో పెడతాం. పేజీ వంకరగా పడిందా, అడుగున నంబరు తెగిపోయిందా అని చూసుకోవాలి కనుక ప్రతి కాగితం తలా తోకా మా కంట పడక తప్పదు. చదవాలనే ఉద్దేశం లేకపోయినా పేరు, ముద్ర కనిపిస్తూనే ఉంటాయి. 780 పేజీలంటే ఒకటిన్నర రీముకు పైమాటే. అంతసేపూ ఒకే కంపెనీ పేరు కళ్ల ముందు తిరుగుతూ ఉంటే ఎవరికైనా ఆలోచన రాకుండా ఉండదు. వచ్చిన ఆలోచనను ఎంతవరకు పట్టించుకుంటాడన్నది మాత్రం ఆ మనిషిని బట్టి ఉంటుంది.

పదో తరగతి, ఇంటర్ పరీక్షలప్పుడు కేంద్రాల చుట్టుపక్కల జిరాక్స్ షాపులను మూయించడం మన దగ్గర ఏటా జరిగేదే. ఆ జాగ్రత్త అవసరం, దాన్ని నేను తప్పుపట్టను. అయితే రహస్యాలు బయటికి పొక్కే చోటుగానే మా దుకాణాలను చూడడం లోకానికి అలవాటు. ఇక్కడ మాత్రం వందల కోట్ల రహస్యం పోయిందన్న సంగతిని దాని యజమానికి తెలియజెప్పినది అటువంటి దుకాణమే. ఈ మాట చెప్పడం కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఆ కాగితాలు కఫ్లన్‌కు ఇచ్చిన నైజెల్ స్టెప్నీ ఫెరారీకి కొత్తవాడు కాదు. మైకేల్ షూమాకర్ వరుసగా టైటిళ్లు గెలిచిన కాలంలో ఫెరారీ పిట్‌లో (రేసు మధ్యలో కారు ఆగి టైర్లు మార్చుకునే చోటు) చీఫ్ మెకానిక్‌గా పేరు తెచ్చుకున్నవాడు. 2006 చివర సాంకేతిక దర్శకుడు రాస్ బ్రాన్ జట్టును వదిలిన తర్వాత జరిగిన మార్పులలో తాను ఆశించిన స్థానం రాలేదన్న అసంతృప్తి అతనిలో పెరిగింది, దాన్ని అతను పత్రికల ముందు దాచుకోనూ లేదు. కఫ్లన్‌తో అతనికి పాత స్నేహం ఉంది. ఏప్రిల్ చివర ఇద్దరూ బార్సిలోనాలో కలుసుకున్నారు, జూన్‌లో కలిసికట్టుగా హోండా జట్టు దగ్గరికి వెళ్లి ఉద్యోగాల గురించి మాట్లాడారు. మార్చి 11 నుంచి జూలై 3 వరకు ఇద్దరి మధ్య కనీసం 288 ఎస్సెమ్మెస్‌లు, 35 ఫోన్ కాల్స్ నడిచినట్లు ఇటలీ పోలీసులు లెక్క తీశారు.

ఫార్ములా వన్‌లో ఒకరినొకరు గమనించడం తప్పు కాదన్న సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ప్రత్యర్థి కారు పిట్‌లోంచి బయటికి వచ్చినప్పుడు ఫొటోలు తీయించి, రెక్క ఎంత వంగుతోందో ఇంజనీర్లు కొలిచి చూస్తారు. జట్టు మారే ఇంజనీరును పాత జట్టు కొన్ని నెలలు జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెట్టేది కూడా అతని తలలో ఉన్న సమాచారం కొంత పాతబడాలనే. అంటే కంటితో చూసిందీ, అనుభవంగా మనసులో నిలిచిందీ ఎవరూ ఆపలేరని అందరూ ఒప్పుకున్నట్లే. బరువు ముందు చక్రాల మీద ఎంత శాతం, వెనక చక్రాల మీద ఎంత శాతం అన్నది దశాంశాలతో సహా కాగితం మీద చేతికి రావడం వేరు. దాని వెనక వందలమంది చేసిన నెలల పరీక్షలు ఉంటాయి. అది అందుకున్నవాడు ఆ నెలలన్నీ ఏ కష్టమూ లేకుండా పొందినట్లే.

ఆ ఏడాది మొదటి రేసు మార్చి 18న ఆస్ట్రేలియాలో జరిగింది, ఫెరారీ డ్రైవరు కిమి రైకోనెన్ గెలిచాడు. ఫెరారీ కారు అడుగుభాగం ముందు అంచున స్ప్రింగుతో కదిలే ఏర్పాటు ఉందని, అది నిబంధనలకు సరిపోతుందా అని ఫార్ములా వన్ నిబంధనలు చూసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఐఏను మెక్‌లారెన్ అడిగింది. తర్వాతి రేసుకు ముందే పరీక్షా విధానం మారింది. ఆ ఏర్పాటు గురించి మెక్‌లారెన్‌కు చెప్పింది స్టెప్నీయే. ఈ ఒక్క విషయం వరకు అతనిపై నాకు కొంత సానుభూతి ఉంది. సొంత సంస్థ నిబంధన మీరుతోందని నమ్మినవాడు నోరు విప్పడంలో న్యాయం ఉంది. కానీ అది చెప్పవలసినది నిర్వాహకులకు, పోటీ జట్టులోని స్నేహితుడికి కాదు. ఆ తర్వాత చేతులు మారిన 780 పేజీలకు ఆ న్యాయం అస్సలు వర్తించదు.

జూలై 26న ఎఫ్‌ఐఏ ప్రపంచ మండలి విచారణ జరిపి, పోటీకి, క్రీడ ప్రయోజనాలకు హాని చేసే పనులను నిషేధించే నిబంధన 151సిని మెక్‌లారెన్ ఉల్లంఘించిందని తేల్చింది, అయినా శిక్ష వేయలేదు. కాగితాలు ఒక ఉద్యోగి ఇంట్లో దొరికాయే తప్ప, కారులో వాడినట్లు రుజువు లేదన్నది వాదన. ఫెరారీ అభిమానులు మండిపడ్డారు. అప్పటికి చేతిలో ఉన్న సాక్ష్యం వరకు ఆ తీర్పు సబబేనని నా అభిప్రాయం. దుకాణదారుడు చూపగలిగింది కాగితాలు ఎవరి చేతిలో ఉన్నాయనే. అవి ఎవరి పనికి వచ్చాయో చూపడానికి మరో సాక్ష్యం కావాలి.

ఆ సాక్ష్యం మెక్‌లారెన్ లోపలి కలహం నుంచే వచ్చింది. ఆగస్టు 4న హంగరీలో రేసు ఆరంభ స్థానాలు తేల్చే క్వాలిఫయింగ్ సమయంలో మెక్‌లారెన్ డ్రైవరు ఫెర్నాండో అలోన్సో పిట్‌లో కావాలని ఆలస్యం చేయడంతో, వెనక నిలబడ్డ సహచరుడు లూయీస్ హామిల్టన్‌కు చివరి ల్యాప్ దక్కలేదు. అలోన్సోను అయిదు స్థానాలు వెనక్కి పంపారు, ఆ రేసులో మెక్‌లారెన్ జట్టుకు పాయింట్లు ఇవ్వలేదు. మరునాటి ఉదయం అలోన్సోకూ జట్టు అధిపతి రాన్ డెన్నిస్‌కూ పెద్ద గొడవ జరిగింది. తన దగ్గరున్న ఈమెయిళ్లను ఎఫ్‌ఐఏకు ఇస్తానని అలోన్సో అన్నది ఆ గొడవలోనే. డెన్నిస్ వెంటనే ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మాక్స్ మోస్లీకి ఫోన్ చేశాడు. నెలాఖరుకు ఎఫ్‌ఐఏ డ్రైవర్లకు లేఖలు రాసి, తెలిసినదంతా చెబితే వారిపై చర్య ఉండదని మాట ఇచ్చింది.

అలా బయటపడిన ఈమెయిళ్లు మార్చి నెలవి, అంటే 780 పేజీల కట్టకంటే ముందటివి. మెక్‌లారెన్ టెస్ట్ డ్రైవరు పెడ్రో డి లా రోసా ఎర్ర కారు, అంటే ఫెరారీ, బరువు పంపిణీ చెప్పమని కఫ్లన్‌ను అడిగాడు, సిమ్యులేటర్‌లో ప్రయత్నించడానికి. అడిగిన అంకె వచ్చింది, దాన్ని అతను అలోన్సోకు పంపాడు. ఫెరారీ టైర్లలో నింపే వాయువు గురించి, వంగే వెనక రెక్క గురించి కూడా ఇద్దరూ రాసుకున్నారు. ఈ సమాచారం నమ్మవచ్చా అన్న సందేహానికి డి లా రోసా ఇచ్చిన జవాబు మరీ ఘోరం. ఇది స్టెప్నీ నుంచి వచ్చింది, ఆస్ట్రేలియాలో రైకోనెన్ 18వ ల్యాప్‌లో పిట్‌లోకి వస్తాడని చెప్పింది కూడా అతనేనని రాశాడు. రేసు జరుగుతున్న రోజున ప్రత్యర్థి ఏ ల్యాప్‌లో ఆగుతాడో తెలిసి ఉండడం కారు బొమ్మలు చూడడంకంటే పెద్ద విషయం.

సెప్టెంబరు 13న పారిస్‌లో రెండో తీర్పు వచ్చింది. ఇద్దరు డ్రైవర్ల పాయింట్లు కలిపి జట్లకు ఇచ్చే కన్‌స్ట్రక్టర్ల చాంపియన్‌షిప్ నుంచి మెక్‌లారెన్‌ను తొలగించి 10 కోట్ల డాలర్ల జరిమానా వేశారు, అప్పటి మారకంలో సుమారు 400 కోట్ల రూపాయలు. డ్రైవర్ల పాయింట్లు మాత్రం ముట్టుకోలేదు. మూడు రోజుల తర్వాత బెల్జియం రేసుతో కన్‌స్ట్రక్టర్ల టైటిల్ ఫెరారీకి ఖాయమైంది, సీజను ముగిసేసరికి దాని ఖాతాలో 204 పాయింట్లున్నాయి. హామిల్టన్ 109, అలోన్సో 109 కలిపితే 218. హంగరీలో జట్టుకు దక్కని 15 తీసేస్తే 203. అంటే తొలగింపు లేకపోయినా ఆ పిట్ గొడవ ఒక్కటే చాలు, మెక్‌లారెన్ ఒక పాయింటు తేడాతో ఓడిపోయేది. డ్రైవర్ల టైటిల్ అక్టోబరు 21న బ్రెజిల్‌లో 110 పాయింట్లతో రైకోనెన్‌కు దక్కింది.

డ్రైవర్లను వదిలేయడం అన్యాయమని చాలామంది అంటారు. ఎర్ర కారు అంకెలు చదివిన అలోన్సో చివరి రేసు వరకు టైటిల్ పోటీలో ఉండడం నాకూ మింగుడుపడలేదు. అయినా మాట ఇచ్చి సాక్ష్యం తీసుకున్నాక ఆ మాట తప్పితే, రేపు మరో కేసులో ఎవరూ ముందుకు రారు. ఆ ఈమెయిళ్లలో హామిల్టన్ పాత్ర ఏమీ లేదు కూడా. శిక్ష బరువంతా కర్మాగారంలో ఏ పాపం తెలియని వందలమంది మీద పడిందన్నది నిజమే, కానీ డిసెంబరులో మెక్‌లారెన్ తానే క్షమాపణ చెప్పుకుంది. ఫెరారీ సమాచారం తాము అనుకున్నదానికంటే ఎక్కువమందికి చేరిందని అప్పటికి బయటపడింది.

స్టెప్నీకి 2010లో ఇటలీ కోర్టు 20 నెలల జైలు విధించి, అమలును నిలిపివేసింది. 2014లో అతను ఇంగ్లాండ్‌లో రోడ్డు మీద వాహనం ఢీకొని చనిపోయాడు. కఫ్లన్ 2011లో విలియమ్స్ జట్టు ద్వారా మళ్లీ ఫార్ములా వన్‌లోకి వచ్చాడు.

నాకు ఇప్పటికీ మనసొప్పనిది మరొకటి ఉంది. అదే ఏడాది డిసెంబరు 6న రెనో జట్టుపై విచారణ జరిగింది. మెక్‌లారెన్ వదిలి రెనోలో చేరిన ఒక ఇంజనీరు పాత జట్టు రహస్య బొమ్మలను ఫ్లాపీ డిస్కులలో తీసుకువెళ్లాడు, అవి రెనో కంప్యూటర్లలోకి ఎక్కాయి, ఇతర ఇంజనీర్లు కూడా వాటిలో కొన్ని చూశారు. నిబంధన అదే, 151సి. ఉల్లంఘన జరిగిందని మండలి ఒప్పుకుంది. ఫలితం మీద ప్రభావం పడినట్లు రుజువు లేదని చెప్పి ఏ శిక్షా వేయలేదు. జూలైలో మెక్‌లారెన్‌కు చెప్పినదీ దాదాపు ఇదే మాట అయినా, అప్పుడు రుజువు కోసం రెండోసారి వెతికారు, డ్రైవర్లకు లేఖలు రాశారు. రెనో విషయంలో మొదటి విచారణతోనే కేసు మూసేశారు.