కారెందుకు ఎక్కించుకోలేదు?

పదకొండున్నర దాటింది, నిద్ర పట్టట్లేదు. సినిమా వల్ల కాదు. సినిమా అయ్యాక మా క్లబ్‌హౌస్‌లో జరిగిన చర్చ వల్ల.

వినోద్ కాప్రీ 2021లో తెచ్చిన '1232 కేఎంఎస్' డాక్యుమెంటరీ వేశారు. లాక్‌డౌన్‌లో ఏడుగురు కూలీలు ఘాజియాబాద్ నుంచి బీహార్‌లోని సహర్సాకి సైకిళ్ళ మీద వెళ్ళిపోతుంటే, ఆయన కారులో వెంట వెళ్ళి తీశాడు. మా చిన్నది ఫోన్ ముట్టకుండా చివరిదాకా చూసింది. అదొక్కటి బావుంది.

లైట్లు వేశారో లేదో సమోసాలు దిగాయి. సెక్రటరీ గారు మైకు పట్టుకుని "వీళ్ళ మనోధైర్యం చూసి మనం నేర్చుకోవాలి" అని మొదలుపెట్టి ఎంతకీ వదలరే! ఏం నేర్చుకోవాలండీ, ఎండలో అంత దూరం తొక్కడమా? కూలీకి రానూపోనూ చార్జీలు కాంట్రాక్టరే ఇవ్వాలని అప్పటికి అమల్లో ఉన్న 1979 నాటి వలస కూలీల చట్టంలోనే ఉంది. చేతిలో కూలి డబ్బులూ, ఇంత తిండీ ఉంటే వాళ్ళు సైకిలెక్కేవాళ్ళా? ఆ మాట ఎత్తబోతే "పాలిటిక్స్ వద్దు మేడమ్" అన్నారు. కుర్చీలు వేసిందేమో ఒడిశా నుంచి వచ్చిన హౌస్‌కీపింగ్ కుర్రాళ్ళు. సినిమా మొదలవగానే వాళ్ళని పంపించేశారు.

లిఫ్టులో ఈయన మరో చిచ్చు పెట్టారు. "అంత జాలి ఉన్నవాడు వాళ్ళని కారెందుకు ఎక్కించుకోలేదు?" నిజమే అనిపించి, మేడ్చల్ గుర్తొచ్చింది.

లాక్‌డౌన్‌లో మేం అక్కడే ఉన్నాం, నాగ్‌పూర్ రోడ్డు పక్కనే. అత్తయ్య గేటు ముందు స్టూలు వేసి మజ్జిగ బిందె పెట్టేవారు. పొద్దుటి నుంచీ నెత్తిన మూటలతో జనం. మా మరిది ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ఒకావిడ గ్లాసు కోసం చెయ్యి చాపింది. ఫోన్ చూసి చెయ్యి వెనక్కి తీసుకుని, చంకలో పిల్లాడి మొహం మీద కొంగు కప్పేసింది. తాగకుండానే వెళ్ళిపోయింది. వెనకాలతను తాగి, గ్లాసు తొలిచి స్టూలు మీద బోర్లించి మరీ వెళ్ళాడు. మరిది స్టేటస్‌కి సాయంత్రానికల్లా 'గ్రేట్ బ్రో'లు.

అందుకే కెమెరా అంటే నాకు పడదు అని రాయబోయాను. కానీ అదీ నిజం కాదు. దారిలో ఎంతమంది కూలీలు చనిపోయారో లెక్క లేదని 2020 సెప్టెంబర్‌లో కార్మిక శాఖ పార్లమెంటులోనే చెప్పింది. లెక్కే రాయని చోట ఏడుగురి మొహాలు సాక్ష్యంగా మిగిలాయంటే చిన్న సంగతేం కాదు. కారెక్కించుంటే ఇల్లు చేరేవాళ్ళు, మనకి తెలిసేది కాదు. తెలిసి మనం చేసిందేమిటంటే, సమోసాలు తిన్నాం.

నన్నడిగితే సంగారెడ్డి దగ్గర కంది ఊళ్ళో జరిగిన కథ తీయాలి. 2020 ఏప్రిల్ చివర్లో అక్కడి ఐఐటీ సైటులో కూలీలు జీతాలివ్వండి, ఇంటికి పంపండి అని తిరగబడ్డారు. రెండు రోజులకే, మే 1న, మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి వలస కూలీల కోసం వేసిన మొదటి శ్రామిక్ రైలు కదిలింది. ఆ సినిమా వేస్తే సెక్రటరీ గారికి సమోసా గొంతు దిగదు.

చిన్నది పడుకోబోతూ అడిగింది, ఆ హౌస్‌కీపింగ్ అన్నలకి హిందీ వచ్చుగా, వాళ్ళకెందుకు చూపించలేదని. రేపు ప్రొజెక్టర్ అడుగుతాను. డిపాజిట్ కట్టమంటారు, చూస్తూ ఉండండి.