కమిటీ చెప్పింది, మేమేం చేస్తాం?

మా నాన్న గవర్నమెంటు టీచరు. పీఆర్సీ ఎప్పుడొస్తుందా అని ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇల్లు మాది. అందుకేనేమో, 2022 డిసెంబరులో ఇంగ్లండ్ నర్సులు సమ్మెకి దిగినప్పుడు అక్కడి ఆరోగ్య మంత్రి స్టీవ్ బార్‌క్లే వాదన వింటే నవ్వొచ్చింది. జీతం ఎంత పెంచాలో స్వతంత్ర సమీక్షా సంఘం చెప్పింది, అది చెప్పినంతా ఇచ్చేశాం, ఇక మాట్లాడేదేముంది అని.

కమిటీ ఎంతంటే అంతే ఇవ్వాలని ఎక్కడుందండీ? తెలంగాణలో 2021లో పీఆర్సీ 7.5 శాతం ఫిట్‌మెంట్ అంటే కేసీఆర్ 30 ఇచ్చారు. మరుసటి ఏడాది ఆంధ్రాలో కమిషన్ 27 అంటే ప్రభుత్వం 23 దగ్గర ఆగింది. పెంచినా కోసినా సంతకం సర్కారుదే.

బ్రిటన్‌లోనూ అంతే. ఆ సంఘంలో సభ్యుల్ని వేసేది ప్రభుత్వం, ఈ ఏడాది ఏమేం చూడాలో లేఖ రాసేది ప్రభుత్వం, ఖజానా ఎంత భరించగలదో చెప్పేదీ ప్రభుత్వమే. 2014లో ఇదే సంఘం అందరికీ ఒక్క శాతం పెంచమంటే, బార్‌క్లే పార్టీ అయిన కన్సర్వేటివ్ పార్టీ నడుపుతున్న అప్పటి సర్కారు కుదరదంది. ఒక్క శాతం! దాంతో మిడ్‌వైఫ్‌ల (మంత్రసానుల) యూనియన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మిడ్‌వైవ్స్ తన 133 ఏళ్ల చరిత్రలో మొదటిసారి సమ్మె చేసింది. (మంత్రసాని అనగానే మనకి పాతకాలం గుర్తొస్తుంది గానీ అక్కడ అది డిగ్రీ చదివి చేసే ఉద్యోగం. లెస్టర్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురికి కాన్పు మొత్తం మిడ్‌వైఫే చేసిందట, డాక్టర్ గదిలోకే రాలేదట.) అంటే సర్కారు తక్కువ ఇవ్వాలనుకున్నప్పుడు సమీక్షా సంఘం మాట పక్కన పెట్టొచ్చు, ఉద్యోగులు ఎక్కువ అడిగితే మాత్రం అదే వేదవాక్కు.

2022లో చాలామందికి దక్కింది ఏడాదికి 1,400 పౌండ్ల పెంపు. ఆ అక్టోబరులో ధరలు ఏడాది కిందటి కంటే 11.1 శాతం ఎక్కువ. నర్సుల సంఘం ఆర్‌సీఎన్ ద్రవ్యోల్బణం మీద ఇంకో 5 శాతం అడిగింది, అది ఎక్కువే అని నాకూ అనిపించింది. ఎక్కువైతే కూర్చుని బేరమాడాలి కదా? స్కాట్లాండ్ ప్రభుత్వం ఆ పనే చేసింది, నర్సులు సమ్మెకి ఓటేశాక కూడా ఆఫర్ మార్చుతూ మాట్లాడింది, సమ్మె జరగలేదు.

ఇంగ్లండ్ మిడ్‌వైఫ్‌ల సంగతి మరీ అన్యాయం. ఓటేసినవాళ్లలో 88 శాతం సమ్మెకి సరే అన్నారు, కానీ ఓటింగు 47 శాతమే. సగం మందైనా ఓటేయాలన్న 2016 చట్టం అడ్డొచ్చి ఆగిపోయారు. ఆ చట్టం తెచ్చిందీ కన్సర్వేటివ్ ప్రభుత్వమే.

చివరికి మాట్లాడేదేం లేదన్నవాళ్లే 2023 ఫిబ్రవరిలో చర్చలకి పిలిచారు. మార్చిలో 2023-24కి 5 శాతం, పోయిన ఏడాదికి విడిగా కొంత మొత్తం ఇస్తామన్నారు. అప్పటికి ఆ ఏడాది సమీక్షా సంఘం నివేదిక ఇంకా రానే లేదు.