ఒమన్ ఫలజ్ మీద నీళ్లు కట్టడం

కోనసీమలో కాలువ కింద సేద్యం చేసినవాళ్లకి ఒమన్ ఖర్జూరం తోటల్లో నీళ్లు కట్టడం త్వరగానే పట్టుబడుతుంది. ఎండ సంగతి వేరు. అక్కడి కాలువని ఫలజ్ అంటారు. దావూదీ రకమైతే కొండ పాదంలో ఊట పట్టే తల్లి బావి, అక్కణ్ణించి సొరంగం, ఊరి దగ్గర పైకి తేలే కాలువ. అంతా వాలు మీదే పారుతుంది. 1852 నాటికి కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి డెల్టాకి నీళ్లిచ్చిందీ వాలు చూసే. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌తో కలిపి అయిదింటిని యునెస్కో 2006లో వారసత్వ జాబితాలో చేర్చింది గానీ, అవి ఇప్పటికీ తోటలు తడుపుతున్నాయి.

ముందు వంతు లెక్క నేర్చుకోవాలి. చాలాచోట్ల ఒక అథర్ అంటే అరగంట, రోజుకి 48. యజమానికి ఎన్ని అథర్లున్నాయో, వంతు ఎన్నాళ్లకి తిరిగొస్తుందో అడిగి రాసుకోండి. పూర్వం పగలు నీడనీ రాత్రి చుక్కల్నీ చూసి లెక్కగట్టేవారు, ఇప్పుడు చాలాచోట్ల గడియారమే. పాదులు ముందే చక్కబెట్టుకోవాలి. నీళ్లొచ్చాక పార వెతుక్కుంటే వంతు కరిగిపోతుంది. దగ్గరి పాదుతో మొదలెట్టి చివరి పాదుతో ముగిస్తే, తూము మూశాక బోదెలో మిగిలిన నీరూ దక్కుతుంది. తూముకి రాయీ పాతగుడ్డా బిగించి కుక్కాలి. కారిందంటే పక్క తోటవాళ్లతో తగవే.

మోటార్లు దొరక్క కాదు ఇదంతా. ఒమన్‌లోనే బాతినా తీరంలో బావులకి మోటార్లు పెట్టి తోడీ తోడీ సముద్రపు ఉప్పుని లోపలికి రప్పించుకున్నారు, తోటలు చచ్చాయి. అంతర్వేది వైపు బోరు నీళ్లు రుచి చూసినవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఫలజ్ ఊట ఎంతో అంతే ఇస్తుంది. కరువొస్తే కూరగాయల మళ్లు ఎండగట్టి చెట్లకే పెడతారు. డ్రిప్ నీటిని ఆదా చేస్తుంది, నిజమే. కానీ సున్నం ఎక్కువున్న నీటికి దాని సన్న రంధ్రాలు పూడుకుపోతాయి, ఆమ్లంతో కడుగుతూ ఉండాలి.

ఫలజ్‌కి గండం వాగు వరద. గోడ తెగుతుంది, ఒండ్రు చేరుతుంది. కోనసీమ గన్నవరం అక్విడక్టు కాలువని వైనతేయ మీదుగా దాటిస్తే, ఒమన్‌లో కొన్నిచోట్ల ఫలజ్‌ని వాగు కిందుగా దాటిస్తారు. ఆ సైఫను అడుగున పూడిక పడితే ఎగువన నీరు గట్టెక్కి పొర్లుతుంది. గంపలతో ఎత్తిపోయడమే మందు. సొరంగంలోకి మాత్రం కొత్తవాళ్లు దిగొద్దు, పెళ్లలు విరిగిపడతాయి.

ఈ మరమ్మతుల డబ్బు నీళ్లలోంచే వస్తుంది. కొన్ని అథర్లు ఫలజ్ పేరునే ఉంచి, వేలం వేసి, ఆ సొమ్ము పూడికతీతకి వాడతారు. మన దగ్గరైతే వేసవిలో కాలువలు కట్టేశాక కూడా పనుల మంజూరు కోసం చూడాలి. గుర్రపుడెక్క తీసేలోపు నాట్లొచ్చేస్తాయి, శివారు పొలాలకి నీరందదు.